ఒక పియానో, ఒక ఆర్కెస్ట్రా, ఒక ఇల్లాలు



మన కచేరీల్లో పాడేవారు మధ్యన కూర్చుంటారు. వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న పేచీ పెద్దగా రాదు. తని ఆవర్తనం వచ్చినప్పుడు గాయకులు తాళం వేస్తూ మృదంగానికి చోటిస్తారు, అయిపోయాక మళ్ళీ పల్లవి అందుకుంటారు. కానీ పాశ్చాత్య సంగీతంలో సరిగ్గా ఈ విషయం మీదే నూరు నూటయాభై ఏళ్ళు తర్జనభర్జన జరిగింది. ఒక పక్క ఒకే ఒక పియానో. రెండో పక్క ముప్ఫై, యాభై, ఒక్కోసారి ఎనభై మంది వాద్యకారుల బృందం. ఇద్దరూ కలిసి వాయించేందుకు రాసిన రచనను కన్సర్టో అంటారు. ఇందులో పెద్దరికం ఎవరిది? పియానోదా, ఆర్కెస్ట్రాదా? ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు ఊరుకోవాలా, ఊఁ కొట్టాలా, ఎదురు చెప్పాలా?

వినడానికి మనింటి సంగతిలాగే ఉంది కదూ! ఆ పోలిక ఊరికే తేలేదు. ఈ పేచీ మధ్యలో ఒక ఇల్లాలు నిలబడి ఉంది. పేరు క్లారా షూమన్. పుట్టింటి పేరు క్లారా వీక్. ఆవిడ దగ్గరికి వచ్చేముందు కాస్త వెనక్కి వెళ్ళాలి.

మొదట మొజార్ట్. ఆయన వాయించిన పియానో మనం సినిమాల్లో చూసే నల్లని ఏనుగు లాంటి పియానో కాదు. కొయ్య చట్రం, సన్నని తీగలు, అయిదు స్థాయిల మెట్లు, అంతే. 1785లో మొజార్ట్ తండ్రి వియన్నా వెళ్ళి కొడుకింట్లో కొన్నాళ్ళున్నాడు. తను వచ్చాక ఆ పియానోను కనీసం డజనుసార్లు ఇంట్లోంచి కచేరీలకు మోసుకెళ్ళారని కూతురికి ఉత్తరం రాశాడు. అలా మోసుకెళ్ళగలిగే వాద్యానికి నాదం ఎంతని ఉంటుంది? ముప్ఫైమంది ఒక్కసారి వాయిస్తే అది వినబడదు. అందుకని మొజార్ట్ ఒక మర్యాద పాటించాడు. ముందు ఆర్కెస్ట్రా తన మాటంతా చెప్పేస్తుంది. తరవాత పియానో వస్తుంది. అది పలికేటప్పుడు మిగతావాళ్ళు గొంతు తగ్గిస్తారు. 1784 నుంచి రాసిన కన్సర్టోల్లో ఇంకో అందం చేరింది. ఓబో, ఫ్లూట్, బసూన్ లాంటి ఊదే వాద్యాలు ఒక్కొక్కటే ముందుకొచ్చి పియానోతో కబుర్లాడతాయి. పిట్టగోడకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నట్టుంటుంది.

ఈ కన్సర్టోల్లో కొన్ని ఆడవాళ్ళ కోసం రాసినవని చాలామందికి తెలియదు. రెండు కన్సర్టోలు బార్బరా ప్లాయర్ అనే శిష్యురాలికి రాశాడు. అంతకుముందు 1777లో సాల్జ్‌బర్గ్‌లో రాసింది ఒకటుంది. అందులో ఆర్కెస్ట్రా ఒక్క ముక్క పలికిందో లేదో పియానో మధ్యలో అందుకుంటుంది. ఆ రోజుల్లో అది మహా చొరవ! దాన్ని వాయించడానికి రాయించుకున్నావిడ పేరు పుస్తకాల్లో చాలాకాలం తప్పుగానే అచ్చయింది. ఆమె ప్రసిద్ధ నాట్యాచార్యుడు నోవేర్ కూతురు విక్టోర్ జెనామీ అని ఈ 21వ శతాబ్దంలో గాని తేలలేదు.

ఆ తరవాత బీథోవెన్. 1808 డిసెంబరు 22న వియన్నాలో, గడ్డకట్టే చలిలో, నాలుగు గంటలసేపు సాగిన కచేరీలో ఆయన తన నాలుగో కన్సర్టో వాయించాడు. అందులో పియానోయే మొదట పలుకుతుంది. అదీ ఆర్భాటంగా కాదు, మెల్లిగా, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు. ఆర్కెస్ట్రా తరవాత జవాబిస్తుంది. రెండో భాగం ఇంకా చిత్రం. తీగ వాద్యాలన్నీ కలిసి కరుగ్గా గద్దిస్తాయి. పియానో గొంతు పెంచదు. తగ్గు స్వరంలోనే బతిమాలుతుంది. అలా అలా గద్దించే గొంతులే మెత్తబడిపోతాయి. బలం చూపకుండా ఒక్కరు పదిమందిని ఒప్పించడమెలాగో అయిదు నిమిషాల్లో వినిపించాడు. అప్పటికే బీథోవెన్‌కు చెవుడు ముదిరింది. తరవాత రాసిన అయిదో కన్సర్టో ఆయన జనం ముందు వాయించనే లేదు, ఇతరులు వాయించారు.

ఇక్కడ కెడెన్జా గురించి ఒక మాట. భాగం ముగిసేముందు ఆర్కెస్ట్రా ఆగిపోతుంది, పియానో ఒక్కటే స్వేచ్ఛగా వాయించుకుంటుంది. దానికి కెడెన్జా అని పేరు. తొలినాళ్ళలో అది మన మనోధర్మం లాంటిదే, అప్పటికప్పుడు అల్లుకునేవారు. బీథోవెన్ అయిదో కన్సర్టోలో మాత్రం ఇక్కడ సొంతంగా ఏమీ కలపవద్దు, నేను రాసిందే వాయించండి అని కాగితం మీద రాసి పెట్టాడు. అప్పటినుంచి ఆ స్వేచ్ఛ కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

బీథోవెన్ తరవాత త్రాసు ఒక పక్కకు ఒరిగిపోయింది. పియానో మారింది, పియానో వాయించేవారూ మారారు. 1821లో ఎరార్ కంపెనీ ఒక కొత్త ఏర్పాటు చేసింది. మెట్టు పూర్తిగా పైకి లేవకముందే దాన్ని మళ్ళీ నొక్కి పలికించవచ్చు. దానితో వేగం పెరిగింది. చట్రంలో ఇనుము చేరింది, తీగలు బిగిశాయి, నాదం హెచ్చింది. ఊరూరా తిరిగి కచేరీలు చేసే విద్వాంసులు బయల్దేరారు. హుమ్మెల్, కాల్క్‌బ్రెన్నర్ లాంటివారు అప్పట్లో మారుమోగిన పేర్లు. వాళ్ళకొక చిక్కు ఉండేది. ప్రతి ఊళ్ళో ఒక్కో రకం ఆర్కెస్ట్రా, కొన్ని ఊళ్ళలో అసలు ఉండేదే కాదు. రిహార్సలుకు వ్యవధి తక్కువ. అందుకని ఆర్కెస్ట్రా ఉన్నా సరే, నలుగురైదుగురు వయొలిన్లవాళ్ళున్నా సరే, అవసరమైతే ఎవరూ లేకపోయినా సరే అన్నట్టు కన్సర్టోలు రాసుకునేవారు. అలాంటప్పుడు ముఖ్యమైన మాటలు ఆర్కెస్ట్రాకు ఇస్తారా? మొదట్లో కాస్త, చివర్లో కాస్త వాయించి, మధ్యలో శ్రుతి పెట్టె పట్టుకున్నట్టు కూర్చోవడమే దాని పని అయింది.

షోపాన్ 1830లో వార్సాలో వినిపించిన రెండు కన్సర్టోల్లోనూ ఆర్కెస్ట్రా పలచనే. దాన్ని పెద్ద తప్పుగా పుస్తకాల్లో రాస్తారు గాని, నాకలా అనిపించదు. ఆయన పియానో పాడే పాటకు ఆ పలచని తెర చాలు. అసలు చిక్కు ఆయన్ను అనుకరించినవాళ్ళతో వచ్చింది. వేళ్ళ విన్యాసం తప్ప మరేమీ లేని కన్సర్టోలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఫ్రాంజ్ లిస్ట్ అయితే ఇక ఆర్కెస్ట్రాయే అక్కర్లేదని పియానో ఒక్కదానితోనే కచేరీ నడిపించాడు. 1840లో లండన్‌లో దానికి రిసైటల్ అని పేరు పెట్టారు.

ఈ వాతావరణంలో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఒక పిల్ల పెరిగింది. క్లారా 1819లో పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ పియానో పంతులు, పియానోల వ్యాపారి కూడానూ. తల్లి విడాకులు తీసుకుని వెళ్ళిపోయింది. తండ్రి ఈ పిల్లను విద్వాంసురాలిని చెయ్యాలని కంకణం కట్టుకున్నాడు, చేశాడు. పదకొండో ఏట ఊళ్ళోని ప్రసిద్ధమైన గేవాండ్‌హౌస్ సభలో తన పేరు మీద కచేరీ చేసింది. 1833 జనవరిలో, ఇంకా పద్నాలుగు నిండకుండా, సొంతంగా కన్సర్టో రాయడం మొదలుపెట్టింది. మొదట రాసింది చివరి భాగం. దానికి ఆర్కెస్ట్రా కూర్పులో తండ్రి శిష్యుడైన రాబర్ట్ షూమన్ సాయం చేశాడు. మిగతా రెండు భాగాలు తరవాత చేర్చింది. 1835 నవంబరు 9న అదే గేవాండ్‌హౌస్‌లో పదహారేళ్ళ క్లారా పియానో ముందు కూర్చుంటే, ఆర్కెస్ట్రాకు కండక్టరుగా నిలబడింది మెండెల్సన్ అంతటివాడు. కండక్టరంటే టిక్కెట్లు కొట్టే ఆయన కాదులెండి, చేతికర్రతో వాద్యకారులందరినీ ఒక్కతాటి మీద నడిపించే పెద్ద.

ఆ కన్సర్టోలో రెండో భాగం వినాలి. ఒక్కసారిగా ఆర్కెస్ట్రా అంతా తప్పుకుంటుంది. పియానో ఒంటరిగా ఒక పాట మొదలుపెడుతుంది. అది ముగిసేవేళకు ఆర్కెస్ట్రాలోంచి ఒకే ఒక చెల్లో లేచి అదే పాట అందుకుంటుంది. ఇప్పుడు పియానో తనే పక్కవాద్యమై దాని వెనక నడుస్తుంది. చెల్లో అంటే వయొలిన్‌కు పెద్దక్క లాంటిది, మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయిస్తారు, మనిషి గొంతుకు దగ్గరగా ఉంటుంది. అందరూ వేళ్ళ వేగం చూపించుకునే రోజుల్లో, ఆ వేగం తన చేతుల్లో పుష్కలంగా ఉన్న పిల్ల, నడుమ ఆగి రెండోవారికి పాట అప్పగించింది.  

అచ్చయ్యాక వచ్చిన సమీక్ష సంగతి వినండి. ఇది ఒక స్త్రీ రచన గనక దీన్ని నిజమైన విమర్శకు పెట్టే ప్రశ్నే లేదన్న ధోరణిలో రాశాడు ఆ సమీక్షకుడు. తిట్టినా బాగుండేది! తిట్టడానికి కూడా పనికిరాదన్నట్టు పక్కకు పెట్టేశాడు. 1839లో, ఇరవయ్యో ఏట, క్లారా తన డైరీలో రాసుకుంది: సృష్టించే శక్తి నాకుందని ఒకప్పుడు అనుకునేదాన్ని, ఆ ఊహ మానుకున్నాను, ఆడది స్వరరచన చేయాలని కోరుకోకూడదు, ఇంతవరకు ఎవరూ చేయలేకపోయింది నేనెలా చేస్తాను అని. అప్పటికే ఆర్కెస్ట్రాతో కన్సర్టో రాసి, వాయించి, అచ్చు వేయించిన మనిషి మాట ఇది.

చిత్రమేమిటంటే అదే 1839లో రాబర్ట్ షూమన్ తన పత్రికలో పియానో కన్సర్టోల గురించి ఒక వ్యాసం రాశాడు. పియానో ఆర్కెస్ట్రాకు దూరమైపోతోంది, ఈ రెంటినీ మళ్ళీ కలిపే ప్రతిభావంతుడు రావాలి, పియానో తన సంపదంతా చూపించుకుంటూ ఉండగానే ఆర్కెస్ట్రా కూడా ఊరికే చూస్తూ కూర్చోకుండా తన సొంత గుణాలతో అందులో అల్లుకోవాలి అని దాని సారాంశం. ఎవరో వస్తారని దారి వంక చూశాడు గాని, తను పెళ్ళాడబోయే పిల్ల చెల్లో చేత పాడించి అప్పటికి నాలుగేళ్ళయిందని ఆయనకు తట్టిందో లేదో!

ఆ పెళ్ళి తేలిగ్గా జరగలేదు. తండ్రి ససేమిరా అన్నాడు. కోర్టుకెక్కి గెలిచి, 1840 సెప్టెంబరు 12న, ఇరవై ఒకటో పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, పెళ్ళి చేసుకున్నారు. అప్పుడు మొదలైంది అసలు కష్టం. ఇంట్లో గోడలు పలచన. ఆయన రాసుకుంటుంటే ఈవిడ సాధన ఆయనకు అడ్డం. ఆయన బయటికి వెళ్ళిన కాస్సేపే ఈవిడ పియానో మూత తీయాలి. సాధన తగ్గి చెయ్యి వెనకబడుతోందని ఇద్దరూ కలిసి రాసుకునే డైరీలోనే ఆమె దిగులుపడింది. ఆయన మంచివాడే, ఆ సంగతి గుర్తించి బాధపడ్డాడు కూడా. బాధపడ్డాడు గాని పద్ధతి మారలేదు.

1841లో రాబర్ట్ పియానోకు, ఆర్కెస్ట్రాకు కలిపి ఒకే భాగంగా ఒక రచన చేశాడు. ఆగస్టు 13న గేవాండ్‌హౌస్‌లో రిహార్సలుగా వాయించి చూసింది క్లారా. సెప్టెంబరు 1న ఆమెకు మొదటి కూతురు పుట్టింది. అంటే నిండు నెలల మనిషి ఆర్కెస్ట్రా ముందు కూర్చుందన్న మాట! పియానో, ఆర్కెస్ట్రా ఒకదానిలో ఒకటి ఎంత సన్నగా అల్లుకున్నాయంటే రెండోది లేకుండా మొదటిదాన్ని ఊహించలేము అని ఆమె రాసుకుంది. ప్రచురణకర్తలు మాత్రం వద్దన్నారు. 1845లో ఆయన ఇంకో రెండు భాగాలు చేర్చి పూర్తి కన్సర్టో చేశాక, డిసెంబరు 4న డ్రెస్డెన్‌లో, 1846 జనవరి 1న లైప్‌జిగ్‌లో క్లారాయే వాయించింది.

దాని మొదలు ఎలా ఉంటుందంటే, ఆర్కెస్ట్రా ఒక్క దెబ్బ కొట్టగానే పియానో జలపాతంలా దూకుతుంది. సరే, ఇక మామూలు విన్యాసమే అనుకుంటాం. వెంటనే పియానో ఆగిపోతుంది. ముఖ్యమైన వరసను మొట్టమొదట పాడేది ఓబో! పియానో దాని తరవాతే అదే వరస పలుకుతుంది. ఆ వరసలోని స్వరాల అక్షరాల్లో క్లారా ముద్దుపేరు దాగి ఉందని కూడా అంటారు. మధ్యలో క్లారినెట్‌తో, రెండో భాగంలో చెల్లోలతో పియానో మంతనాలు సాగుతాయి. కెడెన్జా కూడా రాబర్ట్ రాసిపెట్టిందే, గారడీ లేదు. శృతి కూడా క్లారా కన్సర్టో శృతే.

ఈ కన్సర్టో ఈనాటికీ ప్రపంచమంతా వాయిస్తున్నారు. క్లారా రాసినది? ఆమె ఇంకో కన్సర్టో కూడా మొదలుపెట్టింది, 1847లో, రాబర్ట్ పుట్టినరోజు కానుకగా. ఆ జూన్ నెలలోనే ఏడాదిన్నర నిండని కొడుకు ఎమీల్ చనిపోయాడు. ఆ రచన సగంలో ఆగిపోయింది. ఆమె మళ్ళీ దాని జోలికి పోలేదు.

1854 ఫిబ్రవరిలో రాబర్ట్ మతి చలించి రైన్ నదిలో దూకాడు. బయటికి తీశారు గాని ఆసుపత్రి పాలయ్యాడు, 1856 జూలైలో అక్కడే పోయాడు. డాక్టర్లు చూడనివ్వకపోవడం వల్ల రెండేళ్ళకు పైగా క్లారా భర్త మొహం చూడలేదు, చివరి రెండు రోజులు తప్ప. ఏడుగురు పిల్లలు. స్నేహితులు ఇస్తామన్న సాయం కాదని, కచేరీలు చేసి సంసారం ఈదింది. 1853లో చేసిన రచనలే దాదాపు ఆఖరివి. ఆపైన ఆమె స్వరరచన ఇంచుమించు లేనట్టే. ఒక స్వరకర్త తగ్గి ఒక విద్వాంసురాలు మిగిలింది. కాని ఆ విద్వాంసురాలు ఏం వాయించాలో ఎంచుకునే పద్ధతిలోనే కన్సర్టో చరిత్ర మలుపు తిరిగిందని నా అభిప్రాయం. వేళ్ళ విన్యాసాల కన్సర్టోలు చిన్నప్పుడు బోలెడు వాయించిన మనిషి వాటిని పక్కన పెట్టి మొజార్ట్, బీథోవెన్, తన భర్త రాసినవి ఊరూరా వినిపించింది. వినగా వినగా జనానికి చెవి మారింది.

ఆ ఇంటికి ఇరవయ్యేళ్ళప్పుడు వచ్చి ఆ కష్టకాలంలో అండగా నిలిచినవాడు బ్రామ్స్. ఆయన మొదటి కన్సర్టో 1859 జనవరి 22న హానోవర్‌లో, అయిదు రోజులకు లైప్‌జిగ్‌లో వాయించాడు. అందులో ఆర్కెస్ట్రాయే ఉరుములా మొదలై మూడు నాలుగు నిమిషాలు చెలరేగుతుంది. ఆ తరవాత పియానో వచ్చి ఏదైనా గారడీ చేస్తుందా అంటే, అదీ లేదు, దిగులుగా ఒక వరస పలుకుతుంది. లైప్‌జిగ్ సభలో రెండు మూడు చేతులు చప్పట్లకు లేవబోతే నలువైపుల నుంచి ఈలలూ బుసలూ కొట్టి ఆపేశారు. దాన్ని 1861లో హాంబర్గ్‌లో బ్రామ్స్ కండక్టరుగా ఉండగా పియానో వాయించి నిలబెట్టే ప్రయత్నం చేసింది క్లారాయే.

అవతలి దారిని లిస్ట్ కూడా వదల్లేదు. ఆయన మొదటి కన్సర్టో 1855లో వైమార్‌లో వినిపించింది. అందులో ట్రయాంగిల్ అనే చిన్న ఇనప కమ్మీ టింగు టింగుమంటూ పియానోతో సరసాలాడుతుంది. అది విని వియన్నా విమర్శకుడు హాన్‌స్లిక్ దీన్ని ట్రయాంగిల్ కన్సర్టో అని ఎగతాళి చేశాడు. క్లారాకూ లిస్ట్ రచనలు గిట్టేవి కావు. మనం ఆ పంతం పట్టనక్కర్లేదు, అది హుషారైన కన్సర్టో, ఆర్కెస్ట్రాకు అందులోనూ చక్కని పని ఉంది.

అప్పటికి పియానో మొజార్ట్ నాటిది కానే కాదు. పోత ఇనుము చట్రం వచ్చింది. ఈనాటి పెద్ద కచేరీ పియానోలో తీగల బిగింపు మొత్తం కలిపితే సుమారు 20 టన్నులు, బరువు అర టన్నుకు దగ్గర. ఇప్పుడది ఎంత పెద్ద బృందానికైనా ఎదురు నిలవగలదు. చైకోవ్‌స్కీ మొదటి కన్సర్టో, 1875లో అమెరికాలోని బోస్టన్‌లో మొదట వాయించింది, ఆ బలంతోనే రాసింది. వయొలిన్లు పాట పాడుతుంటే పియానో ఈ చివర నుంచి ఆ చివరకు గంభీరంగా మోగుతుంది. 1901లో రహ్మానినోవ్ తన రెండో కన్సర్టోలో పియానో చేత గుడిగంటల్లా మోగించి, అసలు వరస మాత్రం ఆర్కెస్ట్రాకు అప్పగించి, తను వెనకాల అలలు అల్లుతూ ఉండిపోయాడు. చేతుల నిండా పనే, కాని పాట మాత్రం వాళ్ళది. 1932లో ఫ్రాన్సులో రావెల్ కన్సర్టోను మార్గరీట్ లాంగ్ అనే ఆవిడ మొదట వాయించింది. దాని నడిమి భాగంలోనూ ఊదే వాద్యం పాట అందుకుంటే పియానో దాని చుట్టూ ముగ్గులు పెడుతుంది.

మళ్ళీ క్లారా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1878 నుంచి సంగీత కళాశాలలో పాఠాలు చెప్పింది. ఆఖరి కచేరీ 1891లో. ఆ సంవత్సరమే మొజార్ట్ కన్సర్టో ఒకదానికి తను వాయించే కెడెన్జాను అచ్చుకిస్తూ, అందులో బ్రామ్స్ కెడెన్జా నుంచి తీసుకున్నవి ఉన్నాయని గమనించి, నీ పేరు కూడా వేయించాలేమో అని ఆయనకు ఉత్తరం రాసింది. ఆ లెక్కన నా మంచి వరసలన్నిటి కిందా మీ పేరు వేయాలి అని ఆయన జవాబిచ్చాడు. 1896లో ఆమె పోయింది. జర్మనీలో 1990 నుంచి యూరో నాణేలు వచ్చేదాకా నూరు మార్కుల నోటు మీద ఆమె బొమ్మ ఉండేది. పియానో విద్వాంసురాలిగా గుర్తుంచుకున్నారు, కన్సర్టో మాత్రం చాలాకాలం బీరువాల్లోనే ఉండిపోయింది. ఇరవయ్యో శతాబ్దం చివరి భాగంలో గాని దాన్ని మళ్ళీ వాయించి రికార్డులు చేయలేదు. ఇప్పుడు ఫోనులో పేరు చెప్పి అడిగినా వినిపిస్తుంది, ఇరవై నిమిషాల పైచిలుకు, అంతే.

అది విన్న రోజునే వీలుంటే బ్రామ్స్ రెండో కన్సర్టో మూడో భాగం కూడా వినండి. అది 1881లో బుడాపెస్ట్‌లో మొదట వాయించారు. అందులో పియానో కాసేపు పలకనే పలకదు. చెల్లో ఒక్కటి ముందుకొచ్చి పాట ఎత్తుకుంటుంది.